చవక ల్యాప్‌టాప్‌లో విండోసా, లినక్సా? అందరూ అడిగే ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు

ఖాళీ దొరికిన శని, ఆదివారాలు నేను గవర్నమెంటు స్కూళ్ల ల్యాబుల్లో పాత కంప్యూటర్లకి లినక్స్ ఎక్కిస్తుంటాను. విండోస్ లాగే కంప్యూటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్ (ఓఎస్) అది, కాకపోతే ఉచితం. జీతం లేని పని. ఏ స్కూలుకి వెళ్లినా హెడ్‌మాస్టరు గారి దగ్గర్నుంచి అటెండరు దాకా అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు, ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసి పెడుతున్నా. ఈ గొడవ ప్రపంచమంతా పడింది ఓఎల్‌పీసీ వాళ్ల ఎక్స్‌ఓ ల్యాప్‌టాప్ దగ్గర, కాబట్టి సగం దాని గురించే ఉంటుంది. నేను లినక్స్ పక్షమే, ముందే చెప్తున్నా. అలాగని మావాళ్ల తప్పులు దాచను.

ఓఎల్‌పీసీ అంటే ఏంటి? ఎప్పటి సంగతి?

ఒక్కో పిల్లవాడికి ఒక్కో ల్యాప్‌టాప్ అని ఆ పేరుకి అర్థం. 2005 జనవరిలో దావోస్‌లో ఎంఐటీ మీడియా ల్యాబ్‌కి చెందిన నికొలస్ నెగ్రొపాంటే ప్రకటించాడు, ధర 100 డాలర్లు అన్నాడు. అదే ఏడాది నవంబర్‌లో ట్యూనిస్ సదస్సులో అప్పటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్‌ని పక్కన పెట్టుకుని నమూనా చూపించారు. కరెంటు లేని ఊళ్లలో తిప్పుకోవడానికి దానికో చేతిపిడి ఉండేది, అన్నన్ తిప్పబోతే అది కాస్తా ఊడి చేతికొచ్చింది. అమ్మకానికి వచ్చిన మెషిన్‌లో ఆ పిడి లేదులెండి.

100 డాలర్లకే ఇచ్చారా?

లేదు. 2007 నవంబర్‌లో తయారీ మొదలయ్యేసరికి దాదాపు 188 డాలర్లు అయింది. మన ప్రాజెక్టుల అంచనా వ్యయాలు తెలిసినవాళ్లకి ఇందులో ఆశ్చర్యం ఉండదు.

ఆ మెషిన్ మీరు చూశారా? అందులో ఏముంది?

చూడటమేంటి, మా ఇంట్లో ఒకటుంది. 2007 చివర్లో అమెరికాలో ఒక స్కీమ్ పెట్టారు, 399 డాలర్లు కడితే ఒకటి మీకు, ఇంకొకటి ఎక్కడో పేద దేశపు పిల్లవాడికి. అక్కడ ఉన్న మా బావగారు కొని, తర్వాత ఇండియా వచ్చినప్పుడు మాకు వదిలేసి వెళ్లారు.

433 మెగాహెర్ట్జ్ ఏఎండీ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, హార్డ్ డిస్క్ లేదు, దాని బదులు 1 జీబీ ఫ్లాష్. పచ్చ రంగు రబ్బరు కీబోర్డు, కుందేలు చెవుల్లా పైకి లేచే రెండు యాంటెన్నాలు, అవే మూతకి గొళ్లాలు కూడా. తెర మాత్రం అద్భుతం, మేరీ లూ జెప్సెన్ అనే ఆవిడ డిజైన్. తెర వెనక లైటు ఆర్పేసి మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టినా నలుపు తెలుపులో కాగితం చదివినట్టు చదవొచ్చు. ఇప్పుడు నేను వాడే ఖరీదైన ల్యాప్‌టాప్‌కి ఆ సుఖం లేదు.

లోపల ఫెడోరా లినక్స్, దాని మీద షుగర్ అనే పిల్లల ఇంటర్‌ఫేస్. ఫోల్డర్లు ఉండవు, సేవ్ చేయడం ఉండదు, పిల్ల ఏం చేసినా జర్నల్ అనే డైరీలో దానంతటదే పడుతుంది. కీబోర్డు మీద గేరు చక్రం బొమ్మతో ఒక మీట ఉంటుంది. అది నొక్కితే మీరు వాడుతున్న ప్రోగ్రామ్ ఎలా రాశారో ఆ కోడ్ కనపడాలి అని వాళ్ల ఉద్దేశం. నిజం చెప్పాలంటే మొదట్లో అది కొన్నింటిలోనే పనిచేసేది. అప్పుడు మూడో తరగతిలో ఉన్న మా మేనకోడలు బ్రౌజర్‌లో ఆ మీట నొక్కి, తెర నిండా వచ్చిన గజిబిజి చూసి "మావయ్యా, పాడైపోయింది" అని ఏడుపు మొహం పెట్టింది. పాడవలేదే, దాని పొట్ట చూపిస్తోంది అని చెప్పాను. ఆ తర్వాత కనపడినవాళ్లందరికీ దాని పొట్ట చూపించడమే పని.

ఆపిల్ వాళ్లు ఓఎస్ ఊరికే ఇస్తామంటే వద్దన్నారట, నిజమా?

నిజమే. 2005లో స్టీవ్ జాబ్స్ మ్యాక్ ఓఎస్ ఎక్స్‌ని ఉచితంగా ఇస్తానన్నాడు, ఓపెన్ సోర్స్ (కోడ్ ఎవరైనా చూసి మార్చుకోగలిగేది) కాదు కాబట్టి తీసుకోలేదని సేమూర్ పాపర్ట్ పత్రికకి చెప్పాడు. పాపర్ట్ అంటే పిల్లలు కంప్యూటర్‌ని వాడటం కంటే దానికి నేర్పడం ద్వారా ఎక్కువ నేర్చుకుంటారని జీవితమంతా వాదించిన మనిషి, ఈ ప్రాజెక్టు వెనకున్న ఆలోచన చాలావరకు ఆయనదే. తెరవకూడని పెట్టెతో ఆయనకేం పని? చాలామందికి అది పొగరులా కనపడింది. నాకైతే ఆ రోజుకి అది సరైన నిర్ణయమే.

మరి అంత పట్టుదల ఉన్నవాళ్ల మెషిన్‌లోకి విండోస్ ఎలా వచ్చింది?

కొనేవాళ్లు అడిగారు కాబట్టి. లక్షల ఆర్డర్లు ఇస్తామని చేతులు కలిపిన దేశాల్లో చాలామంది సంతకం దగ్గరికి వచ్చేసరికి జారుకున్నారు, విద్యాశాఖ వాళ్లు ఇందులో విండోస్ లేదేంటి అని అడగడం మొదలుపెట్టారు. ఇంకోవైపు పోటీ. ఇంటెల్ తన సొంత చవక ల్యాప్‌టాప్ క్లాస్‌మేట్ పీసీని అమ్ముకుంటూనే 2007 జూలైలో ఓఎల్‌పీసీ బోర్డులో చేరి, 2008 జనవరిలో కొట్లాడి బయటికొచ్చింది. 2007 ఏప్రిల్‌లో బిల్ గేట్స్ బీజింగ్‌లో ఒక ఆఫర్ ప్రకటించాడు, విద్యార్థుల కోసం ప్రభుత్వాలు కొంటే విండోస్ ఎక్స్‌పీ స్టార్టర్, ఆఫీస్ కలిపి 3 డాలర్లు. మూడే. ధర ఎక్కువ అనే వాదన ఆ రోజుతో పోయింది. ఇదే గేట్స్ అంతకు ముందు ఏడాది ఆ చేతిపిడిని, చిన్న తెరని వెక్కిరించాడు.

2008 మే నెలలో ఎక్స్‌ఓ మీద ఎక్స్‌పీ కూడా వస్తుందని ఓఎల్‌పీసీ, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రకటించాయి. 1 జీబీ ఫ్లాష్‌లో ఎక్స్‌పీ పట్టదు కాబట్టి ఎస్‌డీ కార్డు మీద నుంచి నడిపించారు. అప్పటికే సాఫ్ట్‌వేర్ చూసే వాల్టర్ బెండర్ ఏప్రిల్‌లో వెళ్లిపోయాడు, తర్వాత షుగర్ ల్యాబ్స్ పెట్టి షుగర్‌ని వేరే మెషిన్లకి కూడా తీసుకెళ్లాడు. సెక్యూరిటీ చూసిన ఇవాన్ కర్‌స్టిచ్ కూడా ఆ ఏడాదే మానేశాడు.

ఎక్స్‌పీ పెడితే తప్పేంటి? రేపు ఉద్యోగానికి విండోసే కదా కావాలి?

ఇది అందరికంటే ఎక్కువగా తల్లిదండ్రులు అడుగుతారు, అడగడంలో తప్పు లేదు. ఒక లెక్క చూడండి. 2008లో ఏడేళ్ల పిల్లవాడికి ఎక్స్‌పీ నేర్పారనుకుందాం. వాడికి 13 ఏళ్లు వచ్చేసరికి, 2014 ఏప్రిల్ 8న, ఎక్స్‌పీకి మైక్రోసాఫ్టే సపోర్టు ఆపేసింది. 22 ఏళ్లకి ఉద్యోగం వెతుక్కునే నాటికి ఆఫీసుల్లో ఉన్నది విండోస్ 10, 11. చిన్నప్పుడు స్టార్ట్ బటన్ ఎక్కడుందో బట్టీ పట్టడం వల్ల వాడికి మిగిలింది ఏమీ లేదు. టైపింగ్, ఒక లెక్కల షీట్ ఎలా పనిచేస్తుంది, తప్పు వస్తే కంగారు పడకుండా ఎలా వెతకాలి, ఇవి ఏ ఓఎస్ మీద నేర్చుకున్నా వాడితోనే ఉంటాయి.

అయితే ఒక మాట. బీకామ్ చదివే అమ్మాయికి ట్యాలీ కావాలి, అది విండోస్ సరుకు. పాలిటెక్నిక్ సివిల్ కుర్రాడికి ఆటోక్యాడ్ కావాలి, అదీ లినక్స్‌లో రాదు. వాళ్ల దగ్గరికెళ్లి లినక్స్ వేదాంతం చెప్తే వాళ్ల టైమ్ వేస్ట్. ఆరో తరగతి పిల్లకి, ట్యాలీ అమ్మాయికి ఒకే జవాబు ఉంటుందనుకోవడం వల్లే సగం వాదనలు తెగవు.

స్టాల్‌మన్ ఏమన్నాడు?

ఫ్రీ సాఫ్ట్‌వేర్ (ఎవరైనా కోడ్ చూసి, మార్చి, పంచుకోగలిగే సాఫ్ట్‌వేర్) ఉద్యమం మొదలుపెట్టిన మనిషి, ఊరుకుంటాడా! 2008లో ఆయన తన సొంత వాడకానికి ఎక్స్‌ఓకి మారే పనిలో ఉన్నాడు, మెషిన్ ఆన్ చేయగానే మొదట నడిచే ఫర్మ్‌వేర్ కూడా ఫ్రీ సాఫ్ట్‌వేర్ కాబట్టి. సరిగ్గా అప్పుడే ఈ ప్రకటన వచ్చింది. విండోస్ ఎక్కిన ఎక్స్‌ఓలు మైక్రోసాఫ్ట్‌కి ఊరికే పిల్లల్ని తయారుచేసి పెడతాయని గట్టిగా రాశాడు. ఎక్స్‌ఓ కూడా నూటికి నూరు శాతం ఓపెన్ కాదు, వైఫై చిప్పులో నడిచే ఫర్మ్‌వేర్ మార్వెల్ కంపెనీ వాళ్ల మూసిన సరుకే. ఆ సంగతి ఎత్తి చూపిందీ ఆయనే.

షుగర్ అంత గొప్పదైతే జనం ఎందుకు విండోస్ అడిగారు?

ఎందుకంటే నెమ్మది. 256 ఎంబీ ర్యామ్ మీద పైథాన్‌లో రాసిన ఇంటర్‌ఫేస్, ఒక్కో యాక్టివిటీ తెరవడానికి పట్టే టైమ్‌లో పిల్ల వెళ్లి మంచినీళ్లు తాగి రావచ్చు. మా మెషిన్‌లో రెండు తెరిస్తే మూడోదానికి దణ్ణం పెట్టాల్సిందే. అలవాటైన ఫోల్డర్లు లేకపోవడం పిల్లలకి బాగానే ఉంది, టీచర్లకే చేతులు కట్టేసినట్టయింది. పిల్లలు వాళ్లంతట వాళ్లే నేర్చుకుంటారు, పెట్టె ఇచ్చేస్తే చాలు అని నెగ్రొపాంటే పదే పదే అనడం ఇంకో పొరపాటు. టీచర్ని పక్కన పెట్టి ఏ స్కూల్లో ఏం నడిచింది చెప్పండి.

చివరికి ఎవరు గెలిచారు?

విచిత్రమేమిటంటే పెరూ, ఉరుగ్వే దేశాల్లో లక్షల మంది పిల్లల చేతికి వెళ్లినవి లినక్స్, షుగర్ ఉన్న మెషిన్లే. అంత గొడవ పడి పెట్టిన ఎక్స్‌పీ పెద్దగా ఎక్కడా పాకలేదు. అలాగని ఓపెన్ సోర్స్ గెలిచిందని చప్పట్లు కొట్టొద్దు.

పెరూలో 319 పల్లెటూరి స్కూళ్లని పోల్చి చూసిన ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు పరిశోధకులు 2012లో చెప్పింది ఇదీ: లెక్కల్లో, భాషలో మార్కులు పెరగలేదు. ఆలోచనాశక్తిని కొలిచే పరీక్షల్లో కొద్దిగా తేడా కనపడింది, అంతే. ఆ స్కూళ్లలో చాలావాటికి ఇంటర్నెట్ లేదు, టీచర్లకి శిక్షణ అంతంత మాత్రం. ఉరుగ్వేలో 2007లో కార్దాల్ అనే చిన్న ఊళ్లో మొదలుపెట్టి 2009 అక్టోబర్‌కల్లా దేశంలో గవర్నమెంటు ప్రైమరీ స్కూలు పిల్లలందరికీ ఇచ్చేశారు, ప్లాన్ సెయిబల్ అంటారు. స్కూళ్లకి నెట్ వేశారు, రిపేరుకి ఏర్పాట్లు పెట్టారు, దాన్ని చూసుకోవడానికే ఒక సంస్థ ఉంది. అక్కడా మార్కులు అమాంతం పెరగలేదు, కానీ ప్రాజెక్టు ఇప్పటికీ బతికుంది. మెషిన్ అదే, ఓఎస్ అదే. స్క్రీన్ పగిలితే ఎవరికి ఇవ్వాలో తెలిసిన చోట నిలబడింది.

అందుకే స్కూలుకి వెళ్లగానే నేను అడిగే మొదటి ప్రశ్న ఓఎస్ గురించి కాదు. ఇది చెడిపోతే ఎవరు చూస్తారు సార్? అని అడుగుతాను. సమాధానం లేకపోతే విండోస్ అయినా లినక్స్ అయినా ఆరు నెలల్లో దాని మీద కవరు, కవరు మీద దుమ్ము.

అప్పుడు మన దేశం ఎందుకు కొనలేదు?

2006లో కేంద్ర మానవ వనరుల శాఖ వద్దంది. విద్యా కార్యదర్శి సుదీప్ బెనర్జీ, బోధనాపరంగా ఇది అనుమానించాల్సిన విషయం, మనకి ముందు తరగతి గదులు, టీచర్లు కావాలి అని తేల్చేశారు. ఆ మాట అప్పట్లో నాకు కోపం తెప్పించింది, ఇప్పుడు చూస్తే ఆయన చెప్పినదాంట్లో సగం పెరూలో నిజమైంది. ఆ తర్వాత 2011 అక్టోబర్ 5న కపిల్ సిబల్ ఆకాశ్ ట్యాబ్లెట్ విడుదల చేశారు. ఆండ్రాయిడ్ 2.2, 366 మెగాహెర్ట్జ్, 256 ఎంబీ ర్యామ్, గట్టిగా నొక్కితేగానీ పలకని తెర. మొదటి బ్యాచ్ అసెంబుల్ చేసింది మన హైదరాబాద్‌లోనే. అది కూడా ఓపెన్ సోర్సే కదా అంటారేమో, దాన్ని మార్చి వాడిన పిల్ల నాకైతే ఒక్కరూ కనపడలేదు.

మన దేశంలో ఎక్కడైనా లినక్స్ నిలబడిందా?

కేరళ. ఐటీ ఎట్ స్కూల్ అని 2001లో మొదలుపెట్టారు, ఇప్పుడు దాన్ని కైట్ అంటున్నారు. ఉబుంటు అనే లినక్స్ మీద సొంతంగా ఒక వెర్షన్ చేసుకుని అందులోనే పాఠాలు, పదో తరగతి ఐటీ ప్రాక్టికల్ పరీక్ష కూడా. 2019లో కొత్త వెర్షన్ ఇచ్చినప్పుడు రెండు లక్షలకి పైగా కంప్యూటర్లు, 3,000 కోట్ల రూపాయల ఆదా అని చెప్పారు. ఈ 3,000 కోట్ల లెక్క దగ్గర నేను కాస్త నవ్వుతాను, ఒక్కో కంప్యూటర్‌కి లక్షన్నర లైసెన్సు ఖర్చని వేసుకున్నారు, అన్నేసి వేలు కొనేవాడు ఎమ్మార్పీ కడతాడా? మూడు డాలర్ల ఆఫర్ పైన చూశారుగా. కానీ అసలు పని గొప్పది. జిల్లాల్లో మాస్టర్ ట్రైనర్లు ఉన్నారు, వాళ్లూ టీచర్లే. ప్రింటర్ పలక్కపోతే ఫోన్ చేయడానికి తోటి మాస్టారు ఉన్నాడు. పరీక్ష కూడా ఆ ఓఎస్‌లోనే పెట్టారు కాబట్టి ఎవరూ తప్పించుకోలేదు.

రెండూ పెట్టేస్తే పోలా? డ్యూయల్ బూట్?

పెట్టారు. తమిళనాడు 2011లో పంచిన ల్యాప్‌టాప్‌లు, యూపీలో అఖిలేశ్ ప్రభుత్వం ఇచ్చినవి, రెంటిలోనూ విండోస్ పక్కన లినక్స్ ఉంది. పోర్చుగల్ వాళ్ల స్కూలు ల్యాప్‌టాప్ మగల్యాయిష్ కూడా అంతే. నా అనుభవంలో డ్యూయల్ బూట్ పెట్టిన ల్యాబులో, ఆన్ చేయగానే ఏ ఓఎస్ కావాలో అడిగే లిస్టులో ఎవరూ రెండో లైను దాకా కిందికి వెళ్లరు. పైన ఏది ఉంటే అదే.

మా షాపువాడు విండోస్ ఊరికే వేసి ఇచ్చాడు, ఇంక లినక్స్ ఎందుకు?

ఊరికే కాదు, దొంగది. మన దగ్గర లినక్స్‌కి అసలు పోటీ ఇదే. విండోస్ లేనిదాన్ని డాస్ ల్యాప్‌టాప్ అని రెండు మూడు వేలు తక్కువకి అమ్ముతారు, ఐదొందలిస్తే యాక్టివేటర్‌తో (లైసెన్సు ఉన్నట్టు నమ్మించే ప్రోగ్రామ్) విండోస్ ఎక్కించి ఇస్తారు. ఆ యాక్టివేటర్ నడవాలంటే యాంటీవైరస్ ఆపేయమంటారు చూడండి, అక్కడే అనుమానం రావాలి. ఒక స్కూల్లో పెన్‌డ్రైవ్ పెట్టగానే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయాయి. లోపల పిల్లల హాజరు ఫైళ్లు. అవి ఎక్కడికీ పోలేదు, కనపడకుండా దాక్కున్నాయంతే. లినక్స్‌లో పెడితే అన్నీ మామూలుగా కనిపించాయి. ఆ స్కూలు వాళ్లు మారింది సిద్ధాంతం నచ్చి కాదు, ఆ ఫైళ్లు దొరికాయని.

తెలుగు పరిస్థితి ఏంటి? మా క్వశ్చన్ పేపర్లు అను ఫాంట్లలో ఉన్నాయి.

ఇక్కడ నాకు ఇప్పటికీ టెన్షనే. ఓ జిల్లా పరిషత్ హైస్కూల్లో పదహారు సిస్టమ్స్ చక్కగా సెట్ చేసి పెట్టాను, సోమవారం పొద్దున్నే ఫోన్. "మీ లినక్స్ మా తెలుగు తినేసింది సార్." వెళ్లి చూస్తే సాంఘికం పేపరు తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, డాలరు గుర్తులు. లినక్స్ తినలేదు, ఆ ఫైల్లో అసలు తెలుగే లేదు. అను లాంటి పాత ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరం స్థానంలో తెలుగు బొమ్మ కూర్చుంటుంది, ఫాంటు లేకపోతే బొమ్మ పోయి ఇంగ్లీషు అక్షరం మిగులుతుంది. డీటీపీ షాపులన్నీ ఏళ్ల తరబడి దానిమీదే నడిచాయి కాబట్టి మన స్కూళ్ల ఫైళ్లన్నీ అలాగే ఉన్నాయి.

ఏం చేయాలి? కొత్తగా టైపు చేసేదంతా ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనపడే యూనికోడ్‌లో చేయండి. లినక్స్‌లో ఐబస్ అనే టైపింగ్ టూల్ పెట్టుకుంటే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేదీ ఉంది. లోహిత్ ఫాంట్ చాలా వెర్షన్లలో ముందే ఉంటుంది. పాతవాటికి కన్వర్టర్లు ఉన్నాయి, అయితే ఒత్తులు, సున్నాలు అక్కడక్కడ తారుమారవుతాయి, ఒక మనిషి కూర్చుని చదవాల్సిందే. ఆ ఓపిక లేకపోతే ఆఫీసు గదిలో ఒక్క సిస్టమ్ మాత్రం విండోస్‌తో ఉంచేయండి. నేను ఆ స్కూల్లో అదే చేశాను, పదిహేను లినక్స్, ఒకటి అను. హైదరాబాద్‌లో స్వేచ్ఛ వాళ్లు తెలుగులో పనిచేసే ఓఎస్ మీద ఏళ్లుగా పనిచేస్తున్నారు, వాళ్లతో కలిస్తే మీకు సాయం దొరుకుతుంది.

2 జీబీ ర్యామ్ ఉన్న పాత సిస్టమ్స్. పనికొస్తాయా?

వస్తాయి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, 11కి 4 జీబీ ర్యామ్, టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ చిప్పు కావాలి, మీ సిస్టమ్స్‌కి ఆ దారి మూసుకుపోయింది. తేలికైన లినక్స్‌లు లుబుంటు గానీ, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ ఉన్న డెబియన్ గానీ ఎక్కించండి. ముందు హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయండి, ఓఎస్ మార్చినదానికంటే అదే ఎక్కువ తేడా చూపిస్తుంది. 32 బిట్ ప్రాసెసర్ అయితే డెబియన్ 13 ఇన్‌స్టాల్ కాదు, 12 దగ్గరే ఆగాలి. ఇక ప్రోగ్రాములంటారా, చిన్నపిల్లలకి జీకాంప్రి, టక్స్ పెయింట్, హైస్కూలుకి స్క్రాచ్, స్టెల్లేరియం. వీటితోనే ఏడాది గడిచిపోతుంది.

ఆండ్రాయిడ్ ట్యాబులు, క్రోమ్‌బుక్‌లు (గూగుల్ ఓఎస్‌తో వచ్చే ల్యాప్‌టాప్‌లు) ఓపెన్ సోర్సే కదా?

అడుగున ఔను. కింద లినక్స్ కెర్నల్ ఉంది, పైన గూగుల్ సర్వీసులు, వేరే ఓఎస్ ఎక్కించనివ్వకుండా తాళం వేసిన బూట్‌లోడర్. 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులిచ్చారు, అవీ ఆండ్రాయిడే. పాఠాలు చూడటానికి బాగుంటాయి. గేరు మీట ఉండదు, పొట్ట చూపించదు. క్రోమ్‌బుక్‌కి అప్‌డేట్లు ఆగిపోయే తేదీ ముందే రాసిపెట్టి ఉంటుంది, 2021 నుంచి వచ్చినవాటికి పదేళ్లు ఇస్తున్నారు. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ధర కంటే ముందు ఆ తేదీ చూడండి.

మా అబ్బాయికి ఇంట్లోకి ఒకటి కొనాలి, సింపుల్‌గా చెప్పండి.

8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. 32 జీబీ ఈఎమ్ఎమ్‌సీ స్టోరేజీ మాత్రమే ఉన్న చవక విండోస్ ల్యాప్‌టాప్ మాత్రం కొనొద్దు, అప్‌డేట్‌కి చోటు చాలక రోజూ మీ ప్రాణం తీస్తుంది. విండోస్ లైసెన్సుతో వచ్చిందా, ఉంచుకోండి, కొన్ని ఆన్‌లైన్ పరీక్షలకి అదే అడుగుతారు. పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మింట్ వేసి బూట్ చేసి ఓ వారం వాడనివ్వండి, ల్యాప్‌టాప్‌లో ఏదీ చెరగదు. నచ్చితే వాడే ఎక్కించుకుంటాడు, మిమ్మల్ని అడగడు కూడా.

మీ ఎక్స్‌ఓ ఇంకా నడుస్తోందా?

బ్యాటరీ పోయింది, అడాప్టర్ పెడితే లేస్తుంది, తేదీ మాత్రం మర్చిపోతుంది. ఒకసారి కీబోర్డు కింద చీమలు చేరాయి, విప్పాల్సి వచ్చింది. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ ఒక్కటి చాలు. విప్పుతూ రెండు స్క్రూలు పోగొట్టుకున్నాను. పట్టుకుని మోయడానికి ఉన్న పిడి లోపల తయారుచేసినవాళ్లే స్పేర్ స్క్రూలు పెట్టి పంపారని అప్పుడు గుర్తొచ్చింది. రెండు వాడాను, ఇంకా ఉన్నాయి.